వంకాయరంగు కరగా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అనేవారు. నేను ఒప్పుకునేదాన్ని కాదు. కోపం వేరు, సరైన మాట గట్టిగా చెప్పడం వేరు అని నా వాదన. రాయపూర్‌లో పుట్టి పెరిగిన తెలుగుపిల్లని. ఇంట్లో విజయనగరం మాట, గేటు దాటితే హిందీ, కూరగాయల బండి దగ్గర ఛత్తీస్‌గఢీ. మూడు భాషల్లోనూ తడుముకోకుండా పోట్లాడగలను. నా జీవితంలో నేను పడిన అతి పెద్ద పోట్లాట మాత్రం ఒక కలుపుమొక్క గురించి. అందులో నేను గెలిచాను, ఆ సంగతి చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

అప్పుడు నేను వరి మీద పిహెచ్‌డీ చేస్తున్నాను. సగం పని పొలంలో, సగం కంప్యూటర్ ముందు. మొక్క ఆకులోంచి డీఎన్ఏ తీసి పంపిస్తే, వేరే ఊళ్ళోని యంత్రాలు దాన్ని చిన్న చిన్న ముక్కలుగా చదివి, నాలుగే నాలుగు అక్షరాల్లో రాసి పంపేవి. ఏ, టీ, జీ, సీ. అంతే. మొక్క ఎత్తూ, గింజ రుచీ, ఆకు రంగూ అన్నీ ఆ నాలుగు అక్షరాల వరసలోనే ఉంటాయి. కోట్లకొద్దీ ముక్కల్ని కంప్యూటర్‌లో సరైన చోట పేర్చి, ఏ మొక్క ఎవరి బిడ్డో, ఏ తరంలో ఎవరితో కలిసిందో చెప్పడం నా పని. ఇదంతా వివరిస్తే అమ్మ, "అయితే మొక్కలకి జాతకాలు చూస్తున్నావన్నమాట" అంది. ఇది సైన్సు, జాతకం కాదు అని ఆవిడతో చాలాసేపు వాదించాను. ఇప్పుడు నేను పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు ఆవిడ మాటతోనే మొదలుపెడతాను.

ఛత్తీస్‌గఢ్‌లో వరి పండించే ఎవరి దగ్గరైనా కరగా అని అనండి, మొహం చిట్లిస్తారు. కరగా అంటే అడవి గుణం పోని వరి. చేలో అసలు వరితో పాటే మొలుస్తుంది, దానిలాగే పెరుగుతుంది, దాని నీళ్ళే తాగుతుంది. లేతగా ఉన్నప్పుడు రెండింటికీ తేడా చెప్పడం ఎవరి తరమూ కాదు. వెన్ను వేశాక బండారం బయటపడుతుంది. గింజ చివర పొడవాటి మీసం ఉంటుంది, పండీ పండకుండానే గింజలు నేల రాలిపోతాయి. రైతుకి మిగిలేది గడ్డి. రాలిన గింజ మట్టిలో దాక్కుని మరుసటి ఏడు ఇంకా ఎక్కువగా లేస్తుంది. ఇక్కడ చాలా ఊళ్ళలో నారు నాటరు, విత్తనం చల్లుతారు. వరసలుండవు కాబట్టి మనం చల్లింది ఏదో, దానంతటది మొలిచింది ఏదో తెలిసే దారి లేదు.

దీనికి ఒకప్పుడు ఒక చక్కని ఉపాయం ఆలోచించారు. ఆకు వంకాయరంగులో ఉండే వరి రకం ఒకటుంది. అది చల్లితే చేనంతా వంకాయరంగులో కనిపిస్తుంది, మధ్యలో పచ్చగా ఉన్నది కరగా. కలుపుతీసే ఆడవాళ్ళకి చెప్పవలసింది ఒక్కటే, పచ్చది పీకండి, వంకాయరంగుది ఉంచండి. పరికరం అక్కర్లేదు, మందు అక్కర్లేదు. మొదటిసారి విన్నప్పుడు ఇది కనిపెట్టిన మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

ఆరంగ్ దాటి మహానది వైపు వెళ్తే ఒక ఊళ్ళో ఇంకా ఈ వంకాయరంగు వరే వేస్తున్నారని తెలిసి, అక్కడి కరగా నమూనాలు తేవడానికి బయల్దేరాను. మా నాన్న రైల్వే వ్యాగన్ల మరమ్మతు షాపులో పనిచేసి రిటైరయ్యాడు. నేను ఒక్కదాన్నే వెళ్ళగలనని ఎంత చెప్పినా చెవిన పెట్టకుండా స్కూటర్ తీశాడు. సరాసరి రోడ్డుండగా నయా రాయపూర్ మీదుగా చుట్టూ తిప్పి తీసుకెళ్ళేవాడు. ఆ వెడల్పాటి రోడ్ల మీద ఎదురొచ్చేవాడు ఎవడూ ఉండడని ఆయనకి సంబరం.

పొలంలో కూడా ఆయన ఊరికే కూర్చోలేదు. షాపులో పని పూర్తయిన వ్యాగన్‌కి రెండు పక్కలా సుద్దతో గుర్తు పెట్టేవాళ్ళట, ఒకటి చెరిగినా రెండోది ఉంటుందని. నా మొక్కలకీ అదే పద్ధతి పెట్టాడు. ఆకు వేసిన కవరు మీద ఒక గుర్తు, అదే మొక్క గింజలు వేసిన కవరు మీద మళ్ళీ అదే గుర్తు. రాసి పైకి చదివేవాడు, నేను తిరిగి చదివితేగానీ తరువాతి మొక్కని ముట్టుకోనిచ్చేవాడు కాదు. మండుటెండలో ఈ పారాయణం ఏమిటని నేను విసుక్కునేదాన్ని.

ఆ చేను ఒక పెద్దావిడది. నన్ను నోనీ అని పిలిచేది, ఛత్తీస్‌గఢీలో అమ్మాయీ అని. వెళ్ళగానే ఆకు దొన్నెలో వేడివేడి చీలాలు పెట్టింది. బియ్యప్పిండితో వేసిన అట్లే అవి. నాన్న మాత్రం మా ఊరి అట్టే బాగుంటుందని తెలుగులో నా చెవిలో చెబుతూ అన్నీ తినేశాడు. తరువాత చేలోకి దిగి, మీసమున్న వెన్నులు వెతుక్కుంటూ నేను ఒక్కో మొక్కా పట్టుకుంటుంటే ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. అది మా వరే నోనీ, ఆకు రంగు చూడవేం అంది. నిజమే, ఆకు వంకాయరంగులోనే ఉంది. నేను ఆ వెన్నుని అరచేతిలో పెట్టుకుని మెల్లగా నొక్కాను. ఇంకా గట్టిపడని గింజలు జలజలా రాలిపోయాయి. పక్క మొక్కదీ అంతే, దాని పక్కదీ అంతే. గాలికి రాలుతున్నాయి, కొన్నేళ్ళుగా ఇంతే, ఈ నేలకి ఓపిక అయిపోయింది అని ఆవిడ నిట్టూర్చింది. మీసముంది, గింజ రాలుతోంది, అంటే కరగా. కానీ సాగువరి రంగు బట్టలే వేసుకుని నిలబడింది.

ల్యాబ్‌కి వచ్చి, వంకాయరంగుకి కారణమైన జన్యువు ఉందో లేదో చెప్పే చిన్న పరీక్ష చేశాను. నేను తెచ్చిన కరగా మొక్కల్లో చాలావాటికి ఉంది. ఎగిరి గంతేసి మా ప్రొఫెసర్ గది తలుపు తట్టాను.

ఆయన మంచివాడు. స్టూడెంట్లు అందరినీ బేటా అనే పిలిచేవాడు, ఎవరి మీదా గొంతు పెంచి ఎరగడు. కాగితాలు చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"బేటా, సాంపుల్ మిక్స్ హో గయా."

కరగా అనుకుని సాగువరినే కోశావు, లేదా ల్యాబ్‌లో కలిపేశావు, ఏదైనా ఈ నమూనాలు పనికిరావు, మళ్ళీ వానాకాలం తెచ్చుకో అన్నాడు. మళ్ళీ వానాకాలం దాకా ఆగితే నా పిహెచ్‌డీ గడువు దాటిపోతుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అంతకన్నా నాకు మండింది ఆ నింద. కలిపేశానంటే జాగ్రత్త లేనిదాన్నని అర్థం. ఈ పనిలో ఒకసారి ఆ పేరు పడితే ఇక మన లెక్క ఎవరూ నమ్మరు.

నేను హిందీలో అందుకున్నాను. తలుపు తీసే ఉంది, వరండాలో అందరూ వింటున్నారు. గింజలు నా చేతిలో రాలాయి సర్, మీరు వచ్చి చూడండి అన్నాను. మీరు గదిలోంచి కదలకుండా పొలం గురించి చెబుతున్నారని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన మొహం ఎర్రబడింది.

"ఆ ఊళ్ళకి ఆ విత్తనం ఇచ్చింది నేనే," అన్నాడు. "నీ వయసులో జీపు వేసుకుని ఊరూరూ తిరిగి, గట్టు మీద నిలబడి చెప్పాను. ఆ పొలాల సంగతి నాకు నేర్పకు."

దణ్ణం పెట్టాలనుకున్న మనిషి నా ఎదురుగానే ఉన్నాడని అప్పుడు తెలిసింది. కానీ ఆ పూట దణ్ణం పెట్టే స్థితిలో లేను నేను. ఈ నమూనాల జీనోమ్, అంటే ఆ నాలుగు అక్షరాల వరస మొత్తం, చదివించండి, అప్పుడు ఇది కరగానో సాగువరో తేలుతుంది అన్నాను. చివరికి ఆయన సరేనన్నాడు, ఒక షరతు మీద. ఫలితంలో అది సాగువరి అని తేలితే, నమూనాలు నేనే కలిపేశానని రిపోర్టులో నా పేరు కింద రాసి సంతకం పెట్టాలి. నేను ఒప్పుకున్నాను.

ఇంట్లో ఈ సంగతి చెప్పేసరికి అమ్మ తలపట్టుకుంది. నాన్న మాత్రం టీ గ్లాసు కింద పెట్టి నన్నే ప్రశ్నలేశాడు. ఆకు కవరు మీద గుర్తూ గింజల కవరు మీద గుర్తూ కలిశాయా అన్నాడు. కలిశాయన్నాను. ఒక్కటైనా తేడా ఉందా అన్నాడు. లేదన్నాను.

"మరేటి బెంగ? గల్తీ నీది కానప్పుడు లడాయి ఎయ్యి. గానీ నోరు కూసింత సంబాళించుకో అమ్మా, పెద్దాయన."

నోరు సంబాళించుకుంటానని మాటిచ్చాను. డేటా వచ్చేదాకా ఆ మాట మీదే ఉన్నాను కూడా.

డేటా వచ్చింది. దాన్ని దింపుకోవడానికే తల ప్రాణం తోకకి వచ్చింది. మధ్యలో కరెంటు పోవడం, మళ్ళీ మొదటినించీ మొదలుపెట్టడం. అంతా చేతికొచ్చాక, మా ల్యాబ్‌లో అందరూ వాడే పద్ధతిలోనే సర్వర్ మీద పని ఎక్కించాను. ఫలితం వచ్చింది. సాగువరి. నేను కరగా అనుకున్న వంకాయరంగు మొక్కలన్నీ దాదాపు సాగువరిలాగే ఉన్నాయని చూపిస్తోంది తెర.

ప్రొఫెసర్ వెనక నిలబడి చూశాడు. భుజం తట్టి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. జాలిపడ్డాడు. నాకు అది మరీ కష్టంగా తోచింది.

ఆ సాయంత్రం నాన్న నన్ను తెలీబంధా చెరువు గట్టుకి తీసుకెళ్ళి ఏదో తినిపించాడు, ఏం తిన్నానో గుర్తు లేదు. సంతకం పెట్టవలసిన వాక్యం ఎలా రాయాలా అని ఆలోచిస్తున్నాను. హిందీలో రాస్తే తక్కువ సిగ్గుగా ఉంటుందా, ఇంగ్లీషులో రాస్తేనా అని కూడా ఆలోచించాను. పరీక్ష తప్పిన పిల్లలా ఉంది నా మొహం అని నాన్న అన్నాడు. నవ్వు రాలేదు.

పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్ళి, ఓడిపోయినదాన్ని ఎలాగూ ఓడిపోయానని, డేటా ఫైళ్ళు సర్దడానికి కూర్చున్నాను. అప్పుడు కంటపడింది. మామూలు వరికి వచ్చిన డేటాలో దాదాపు అంతా పోల్చడానికి మిగిలింది. నా వంకాయరంగు కరగాలకి మాత్రం వచ్చింది బోలెడు, మిగిలింది కొంచెం. మిగతాది ఏమైంది?

మా పద్ధతి ఇలా ఉండేది. వచ్చిన ప్రతి ముక్కనీ ముందు ఒక సాగువరి పూర్తి జీనోమ్ పక్కన పెట్టి చూడాలి. దానితో బాగా కలిసినవి ఉంచాలి, ఎక్కువ తేడా ఉన్నవి చెత్త కింద తీసేయాలి. సీనియర్లు ఎప్పుడో పెట్టిన లెక్క. సాగువరి రకాల్ని ఒకదానితో ఒకటి పోల్చడానికి పెట్టారు కాబట్టి వాళ్ళకి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఆ లెక్క ముందు అడవి గుణమున్న మొక్కని పెడితే ఏమవుతుంది? అడవి నించి వచ్చిన ముక్కలన్నీ తేడాగా ఉన్నాయని పోతాయి. సాగువరిని పోలినవి మిగులుతాయి. మిగిలినవే చూసి ఇది సాగువరి అంటాం.

కంప్యూటర్ కూడా ఆరంగ్ ఆడవాళ్ళలాగే కలుపు తీసింది. మనవాటిలా కనిపించింది ఉంచి, కనిపించనిది పీకి పారేసింది. కుర్చీలోంచి లేచి గదిలో నాలుగు వైపులా తిరిగాను. నాకు ఆ రెండూ ఒకేసారి అర్థమయ్యాయి, సర్వర్‌లో జరిగిందీ, చేలో జరిగిందీ. ఏళ్ళ తరబడి పచ్చ కరగాలన్నీ పీకేశారు. ఎప్పుడో ఒక కరగా, పక్కనున్న వంకాయరంగు వరితో కలిసి, రంగు మాత్రం తెచ్చుకుంది. దాన్ని ఎవరూ పీకలేదు. దాని పిల్లల్నీ పీకలేదు. చేలో చివరికి మిగిలినవి అవే.

అనుకోవడం వేరు, చూపించడం వేరు. చెత్త అని తీసేసిన ముక్కలన్నీ వెనక్కి తెచ్చాను. ఈసారి సాగువరి ఒక్కదానితో కాకుండా, అడవి వరి జీనోమ్‌లతోనూ పోల్చాను. అవి నేను చదివించినవి కావు. ఏ దేశంలోనో ఏ చిత్తడి నేలలోనో ఎవరో దిగి ఆకులు కోసి, చదివించి, ఎవరైనా వాడుకోండని అందరికీ అందుబాటులో పెట్టారు. వాళ్ళ మొహాలు నాకు తెలియవు, నా గొడవ వాళ్ళకి తెలియదు. నా తరఫున సాక్ష్యం చెప్పింది వాళ్ళే.

వరికి పన్నెండు క్రోమోజోములు. వాటిని తెర మీద పన్నెండు నిలువు పట్టీలుగా గీయించి, అడవి వరిని పోలిన చోట బూడిదరంగు, సాగువరిని పోలిన చోట వంకాయరంగు వేయమన్నాను. బొమ్మ మెల్లగా దిగింది. మొదటి పట్టీ అంతా బూడిదరంగు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. నాలుగో దాంట్లో, ఆ రంగు జన్యువు ఉండే చోట, చిన్న వంకాయరంగు ముక్క. మిగతావన్నీ మళ్ళీ బూడిదరంగే. రెండు మొక్కల నమూనాలు కలిసిపోయి ఉంటే ప్రతి పట్టీలోనూ రెండు రంగులూ కలగలిసి ఉండాలి. సాగువరినే కోసి ఉంటే అన్నీ వంకాయరంగులో ఉండాలి. ఇవి రెండూ కాదు. ఒక్కో మొక్కా తీసి చూశాను. అన్నింట్లో అదే చోట, అదే ముక్క. కొన్నింట్లో కాస్త పెద్దది, కొన్నింట్లో తరాలు గడిచి తరిగినట్టు చిన్నది.

నేను కేక పెట్టాను. తెలుగులో పెట్టాను కాబట్టి ఎవరికీ అర్థం కాలేదు, అయినా అందరూ పరిగెత్తుకొచ్చారు. అంత ఆనందం నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. సంతకం పెట్టక్కర్లేదన్నది ఒక ఆనందం. ఎవరికీ తెలియని ఒక సంగతి, ఆ నిమిషాన, ఈ భూమ్మీద నాకు ఒక్కదానికే తెలుసు అన్నది ఇంకా పెద్ద ఆనందం.

ప్రొఫెసర్‌కి చూపించేటప్పుడు నోరు సంబాళించుకున్నాను. ఆయన ఒక్కో పట్టీ మీదా వేలు పెట్టి చూశాడు. నాలుగో దాని దగ్గర వేలు ఆగింది. అయినా వెంటనే ఒప్పుకోలేదు. గింజల కవర్లు తెప్పించి, వాటిని నన్ను ముట్టుకోనీయకుండా ఇంకో విద్యార్థి చేత మొలకెత్తించి, ఆ ఆకుల్ని మళ్ళీ చదివించాడు. నాకు కోపం రాలేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని. ఏ గుర్తున్న గింజ ఆ గుర్తున్న ఆకుతోనే కలిసింది, ఒక్కటి కూడా తప్పిపోలేదు. ఇంట్లో చెబితే, వ్యాగన్లు కూడా ఎప్పుడూ తప్పిపోలేదని నాన్న మీసం దువ్వుకున్నాడు.

ఆ రోజు ప్రొఫెసర్ నన్ను కూర్చోమని, తానే టీ పోసి ఇచ్చాడు. రిపోర్టు నువ్వు అనుకున్నట్టే రాయి, నేను సంతకం పెడతాను అన్నాడు. ఆయన వయసులో ఉండగా చేసిన మంచి పని, ఆయన కళ్ళ ముందే పనికిరాకుండా పోయిందని చెబుతోంది నా బొమ్మ. గెలిచిన సంతోషంలో కూడా ఆ సంగతి నాకు గుచ్చుకుంది. మరి ఆ ఊళ్ళలో ఏం చెప్పాలి సర్ అని అడిగాను. నువ్వే చెప్పు అన్నాడు. చేలో ఉన్న కరగా అంతా వంకాయరంగుకి మారిపోయింది కాబట్టి, ఇప్పుడు మామూలు పచ్చ వరి చల్లితే కరగా దానంతటదే బయటపడుతుంది అన్నాను. ఆయన మొదటిసారి నవ్వాడు.

ఆ వానాకాలం పెద్దావిడ చేలో పచ్చ వరి చల్లించాం. ఒప్పించడానికి నా ఛత్తీస్‌గఢీ అంతా ఖర్చయింది. మొలకలు జానెడు లేచాక కలుపుతీత రోజున ప్రొఫెసర్ తానూ వస్తానన్నాడు. గట్టు మీదనించి చూశాను. పచ్చటి చేను మధ్యలో, ఇన్నేళ్ళూ దాక్కున్న కరగాలు ఒక్కోటీ వంకాయరంగులో, ఎవరైనా చూడగలిగేలా నిలబడి ఉన్నాయి. కానీ ఆడవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. వంకాయరంగుని పీకడానికి వాళ్ళకి చేయి రావడం లేదు. ఏళ్ళ తరబడి దాన్ని కాపాడిన చేతులవి.

పెద్దావిడ ప్రొఫెసర్ని పోల్చుకుంది. జీపులో వచ్చిన సాహెబు మీరే కదా అంది. దీన్ని ఉంచమని అప్పుడు మీరు చెప్పారు, పీకమని ఇప్పుడు ఈ పిల్ల చెబుతోంది, మేం ఎవరి మాట వినాలి అని సూటిగా అడిగింది.

నేను నోరు తెరిచాను. ఆయన చేయెత్తి ఆపాడు. బూట్లు విప్పి గట్టు మీద పెట్టి, ప్యాంటు మడిచి బురదలోకి దిగాడు.

"నేను చెప్పింది అప్పటికి నిజం," అన్నాడు వాళ్ళ భాషలోనే. "అది ఇప్పుడు తప్పయిపోయింది. కనిపెట్టింది ఈ అమ్మాయి. ఈమె మాట వినండి."

వంగి, మొదటి వంకాయరంగు మొక్కని వేళ్ళతో సహా ఆయనే పీకాడు. పెద్దావిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని ఆయన పక్కకి దిగింది. వెనకే మిగతా ఆడవాళ్ళు వరసకట్టారు, వరస చివర నేను. నేను ఏడుస్తున్నానని ఎవరూ గమనించలేదు, వాన పడుతోంది. మేం అవతలి గట్టు చేరి వెనక్కి తిరిగి చూసేసరికి చేనంతా పచ్చగా ఉంది.